తొలి ముద్దకు వేళ ఎప్పుడు?

తల్లిపాలు మాత్రమే తాగుతున్న బిడ్డకు నాలుగు నెలలు నిండాయో లేదో, ఇంట్లో అన్నం మాట మొదలవుతుంది. పిడికిలి నోట్లో కుక్కుకుంటోంది, చొంగ కారుస్తోంది, మనం తింటుంటే ముద్ద వంకే చూస్తోంది, రాత్రిళ్లు పదేపదే లేస్తోంది, పాలు చాలడం లేదేమో అంటారు. ఆ మాట అనేవాళ్లు బిడ్డను శ్రద్ధగా గమనించే అంటారు. చూసినదాంట్లో పొరపాటు లేదు, దానికి చెప్పుకున్న అర్థంలోనే ఉంది. బిడ్డ ఘనాహారానికి సిద్ధమైందా అని అడిగినప్పుడు నిజానికి రెండు వేర్వేరు సంగతులు అడుగుతున్నాం. బిడ్డ ముద్దను మింగగలదా అన్నది ఒకటి. బిడ్డ ఒంటికి పాలు ఇవ్వలేనిది ఏదైనా కావలసి వచ్చిందా అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు బిడ్డను చూసి చెప్పవచ్చు. రెండోదానికి జవాబు పైకి కనిపించదు. మన ఇళ్లలో జరిగే తొందరపాటుకీ, అంతకంటే ఎక్కువగా జరిగే ఆలస్యానికీ మూలం ఈ తేడాను పట్టించుకోకపోవడమే. బిడ్డలో కనిపించే సంకేతాలు మనల్ని తొందరపడనివ్వకుండా ఆపుతాయి. ఆలస్యం కానివ్వకుండా చూడవలసింది మాత్రం క్యాలెండరు. రెంటిలో ఏ ఒక్కదాన్నో నమ్ముకుంటే సరిపోదని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే అర్థమవుతుంది.

ముందుగా, మనం ఆకలి అనుకునే ఆ గుర్తుల సంగతి. మూడు నాలుగు నెలలకు చేతులు బిడ్డ అదుపులోకి వస్తాయి. చేతికందిన ప్రతిదీ నోటికే పోతుంది, ఎందుకంటే వస్తువు గట్టిదో మెత్తదో ఆ వయసులో తెలుసుకునేది ఎక్కువగా నోటితోనే. పిడికిలి చప్పరించే బిడ్డ దుప్పటి అంచునూ గిలక్కాయనూ కూడా అంతే శ్రద్ధగా చప్పరిస్తుంది. చొంగ కారడమూ ఇలాంటిదే. లాలాజలం ఊరడం పెరుగుతుంది గానీ ఊరినదాన్ని ఎప్పటికప్పుడు మింగే నేర్పు ఇంకా రాదు. ఇక ముద్ద వంక చూడడం. నాలుగు నెలల బిడ్డకు చుట్టూ కదిలేవన్నీ స్పష్టంగా తెలియడం మొదలవుతుంది. తల్లి చెయ్యి కంచం నుంచి నోటిదాకా వెళ్లి రావడాన్ని ఎంత ఆసక్తిగా చూస్తుందో, అదే చేత్తో తల దువ్వుకుంటున్నా అంత ఆసక్తిగానూ చూస్తుంది. దీన్ని ఆశపడడంగా తీసుకుని, పెట్టకపోతే దిష్టి తగులుతుందని నాలుక మీద కాస్త నాకించడం చాలా ఇళ్లలో మామూలే. రాత్రిళ్లు లేవడానికి కారణం మరొకటి. ఆ నెలల్లో నిద్ర తీరు మారుతుంది. గాఢనిద్ర, కలత నిద్ర విడివిడి దశలవుతాయి, ఒక దశ నుంచి మరోదానికి మారేచోట బిడ్డ మేలుకుంటుంది. గంటకోసారి పాలకు ఏడ్చే రోజులు కూడా వస్తాయి. రొమ్ము ఎంత ఖాళీ అయితే పాలు అంత వేగంగా తయారవుతాయి కాబట్టి, ఎక్కువసార్లు పట్టుకోవడమే పాలు పెంచుకునే దారి. సరిగ్గా ఆ రోజుల్లో గిన్నెడు ఉగ్గు పెడితే బిడ్డ పాలకు రావడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి. చాలడం లేదన్న అనుమానం అప్పుడు నిజంగానే నిజమవుతుంది.

మరి అసలైన సంకేతాలు ఏమిటి? నోటి లోపల జరిగే పనిని చూస్తే అవి వాటంతటవే తెలుస్తాయి. పుట్టిన బిడ్డ నాలుక ముందుకూ వెనక్కూ కదులుతూ పాలు పీలుస్తుంది. పెదవికో నాలుక కొసకో గట్టిది ఏదైనా తగిలితే బయటికి నెట్టేస్తుంది. ఇది పుట్టుకతో వచ్చిన రక్షణ. చెంచాతో పెట్టినదంతా గడ్డం మీదికి వచ్చేస్తుంటే బిడ్డకు రుచి నచ్చలేదని కాదు, ఆ రక్షణ ఇంకా పనిచేస్తోందని. సాధారణంగా నాలుగు, ఆరు నెలల మధ్య ఇది సడలిపోతుంది. అది సడలాక కూడా ముద్దను మింగడానికి నాలుక కొత్త విద్య నేర్వాలి. మెత్తటి పదార్థాన్ని ఒకచోటికి చేర్చి వెనక్కు జరపాలి, అదే క్షణంలో శ్వాసనాళం మూసుకోవాలి. మెడ నిలవని బిడ్డకు ఇది సురక్షితంగా జరగదు. అందుకే తల కదలకుండా నిలబెట్టగలగడం, కాస్త ఆసరా ఇస్తే కూర్చోగలగడం ముఖ్యమైన గుర్తులయ్యాయి. మూడో గుర్తు చేతిది. కంటితో చూసిన వస్తువును చేత్తో అందుకుని సరిగ్గా నోట్లో పెట్టుకోగలగాలి. కూర్చోవడం, చూసి అందుకుని నోట పెట్టుకోవడం, పెట్టినదాంట్లో ఎక్కువ భాగం మింగడం, ఈ మూడూ కలిసి కనిపించాలి. ఒక్కటి కనిపిస్తే చాలదు. ఆసరా లేకుండా కూర్చునేదాకా ఆగాలని కొందరు అంటారు, అంత పట్టుదల అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించినప్పుడు, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల దాకా ఎప్పుడైనా రావచ్చని తేలింది. సగటు ఆరు నెలలే. కానీ తొమ్మిదో నెలలో కూర్చున్న బిడ్డ కూడా మామూలు బిడ్డే, పుట్టుకతో ఆ బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము మాత్రం అప్పటిదాకా సరిపోదు.

ఉక్కిరిబిక్కిరి గురించి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే తొలి ముద్దకు తల్లులు వెనకాడేది దీనివల్లే. ఆరు నెలల బిడ్డకు వాంతి వచ్చినట్టు వెగటు పుట్టించే స్పందన నాలుక ముందుభాగంలోనే మొదలవుతుంది. వయసుతోపాటు ఆ చోటు వెనక్కు జరుగుతుంది. అందుకే కొత్తలో చిన్న పలుకు తగిలినా బిడ్డ ముఖం ఎర్రబడి, దగ్గి, బయటికి తోసేస్తుంది. చూడడానికి భయంగా ఉన్నా ఇది గొంతులోకి పోకుండా ఆపే ఏర్పాటు. నిజమైన ప్రమాదంలో శబ్దమే రాదు, ఊపిరి ఆడదు. వేరుశనగ గింజలు, శనగలు, గుండ్రటి ద్రాక్షపళ్లు, గట్టి క్యారెట్ ముక్కలు అలాంటి ప్రమాదం తెస్తాయి కాబట్టి అవి అలాగే పెట్టకూడదు.

కడుపు సంగతికొస్తే, పిండిపదార్థాన్ని అరిగించే అమిలేజ్ అనే ఎంజైము తొలి నెలల్లో క్లోమం నుంచి దాదాపుగా రాదు, మెల్లగా పెరుగుతుంది. మూత్రపిండాలు ఎక్కువ ఉప్పును, మాంసకృత్తుల వ్యర్థాలను బయటికి పంపే శక్తినీ క్రమంగానే సంతరించుకుంటాయి. 2001లో ఆడ్రీ నేలర్, ఆర్డిత్ మారో అప్పటిదాకా ఉన్న పరిశోధనలను సమీక్షించి, జీర్ణవ్యవస్థ, రోగనిరోధక శక్తి, నోటి కదలికలు అన్నీ ఆరు నెలల దగ్గర కలుస్తున్నాయని చెప్పారు. అయితే అరగదన్న వాదాన్ని మరీ గట్టిగా వాడకూడదని నా అభిప్రాయం. లాలాజలంలో కొంత అమిలేజ్ ఉంటుంది, తల్లిపాలలోనూ ఉంటుంది. నాలుగు నెలల బిడ్డ కడుపు కాస్త గంజిని బొత్తిగా అరిగించుకోలేదనడం నిజం కాదు. మా పిల్లలకు మూడో నెలలోనే పెట్టాం, ఏమీ కాలేదు కదా అని పెద్దవాళ్లు అనేది ఇందుకే. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ తొందరపడడం వల్ల వచ్చే నష్టం అజీర్తిలో కంటే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ కనిపిస్తుంది. అది ఒక ఇంట్లో లెక్కకు అందదు, వేల ఇళ్లను కలిపి చూస్తేనే బయటపడుతుంది.

అలా కలిపి చూసిన పెద్ద అధ్యయనం బెలారస్‌లో జరిగింది. 1996, 97 సంవత్సరాల్లో పుట్టిన 17,046 మంది పిల్లలను అక్కడ గమనించారు. వాళ్లలో మూడు నెలలు మాత్రమే పూర్తిగా తల్లిపాల మీద ఉండి ఆ తర్వాత పాలతోపాటు ఇతర ఆహారం మొదలుపెట్టినవాళ్లనూ, ఆరు నెలలూ తల్లిపాలే తాగినవాళ్లనూ మైకేల్ క్రామర్ బృందం పోల్చింది. మూడో నెల, ఆరో నెల మధ్య కాలంలో రెండో గుంపు పిల్లలకు విరేచనాల వంటి జీర్ణకోశ ఇన్ఫెక్షన్లు దాదాపు 40 శాతం తక్కువగా వచ్చాయి. కుళాయి నీళ్లు బాగుండి, వైద్యం అందుబాటులో ఉన్న చోటే ఇంత తేడా ఉంటే, బోరు నీళ్లూ ట్యాంకరు నీళ్లూ వాడే ఊళ్లలో తేడా ఇంకా ఎక్కువే ఉంటుందని అనుకోవడం న్యాయం. మన దగ్గర తొందరపాటు అన్నంతో మొదలవదు. గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు, నాలుకకు రాసే తేనె, ఎండాకాలమని పట్టే రెండు చెంచాల నీళ్లు ముందుగా వస్తాయి. తేనెతో బొట్యులిజం అనే ప్రాణాంతకమైన వ్యాధి రావచ్చు కాబట్టి ఏడాది నిండేదాకా అది పనికిరాదు. నీళ్ల విషయంలో ఆల్మ్‌రోత్, బిడింగర్ అనే ఇద్దరు పరిశోధకులు మన దేశపు వేసవిలోనే పరీక్షించి, తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలకు అంత ఎండలోనూ విడిగా నీళ్లు అవసరం లేదని 1990లో చూపించారు. పాలలో 88 శాతం దాకా నీళ్లే.

ఇప్పుడు రెండో ప్రశ్న, పైకి కనిపించనిది. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ, లీటరుకు 0.3 మిల్లీగ్రాముల వంతు. దీన్ని పాల లోపంగా చూడనక్కర్లేదు, ఎందుకంటే నెలలు నిండి పుట్టిన బిడ్డ కిలో బరువుకు సుమారు 75 మిల్లీగ్రాముల చొప్పున ఇనుము ఒంట్లో పెట్టుకునే వస్తుంది. ఇది గాదెలో పోసి పెట్టిన ధాన్యం వంటిది. కొత్తగా వచ్చేది తక్కువైనా నాలుగైదు నెలలు ఇల్లు గడుస్తుంది. కానీ అయిదో నెలకల్లా బరువు రెట్టింపవుతుంది, రక్తమూ దానికి తగ్గట్టు పెరగాలి, గాదె అడుగంటుతుంది. ఆరు నెలల తర్వాత రోజుకు దాదాపు 0.7 మిల్లీగ్రాముల ఇనుము ఒంటికి పట్టాలి. రోజంతా తాగిన పాలలో ఉన్నదే మొత్తం 0.25 దగ్గర, అందులోనూ పట్టేది సగం. జింకు కథ కూడా ఇంతే, తొలి వారాల్లో పాలలో పుష్కలంగా ఉండి ఆరో నెలకు బాగా పడిపోతుంది. పాల పరిమాణం తగ్గకపోయినా, బిడ్డ బొద్దుగా ఉన్నా, హాయిగా నిద్రపోతున్నా ఈ లోటు వచ్చే తీరుతుంది. ఇనుము తగ్గిన తొలి వారాల్లో బిడ్డ ఏడవదు, పిడికిలి చప్పరించదు, కంచం వంక ప్రత్యేకంగా చూడదు. రక్తహీనత పైకి కనిపించేనాటికి చాలా రోజులుగా లోపం కొనసాగుతూ ఉంటుంది, ఆ రోజులు మెదడు వేగంగా ఎదిగే రోజులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70. నులిపురుగులు, జ్వరాలు, తల్లి రక్తహీనత వంటి కారణాలు ఇందులో చాలానే ఉన్నా, ఏడో నెల నుంచి పళ్లెంలో ఏముందన్నది వాటిలో పెద్ద కారణం.

ఇక్కడే నిపుణుల నుంచి ఒక బలమైన అభ్యంతరం వచ్చింది. గాదె నాలుగైదు నెలలకే తరిగిపోతున్నప్పుడు ఆరు నెలలదాకా ఆగడమెందుకు? 2001కి ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నాలుగు నుంచి ఆరు నెలలు అనే చెప్పేది. ఆ ఏడాది దాన్ని ఆరు నెలలకు మార్చింది. మన దేశంలో పసిపిల్లల ఆహార ప్రకటనలను నియంత్రించే 1992 నాటి చట్టంలో ఉన్న నాలుగు నెలల మాట 2003 సవరణతో ఆరు నెలలైంది. 2011లో మేరీ ఫ్యూట్రెల్, మరి ముగ్గురు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ మార్పును ప్రశ్నించారు. ధనిక దేశాల్లో ఆరు నెలలదాకా ఆగితే ఇనుము లోపం రావచ్చని, ఆధారాలు తిరిగి చూడాలని వాళ్ల వాదన. యూరప్ పిల్లల వైద్యుల సంఘం ఇప్పటికీ నాలుగు నెలలు నిండకముందు వద్దు, ఆరు నెలలు దాటనివ్వద్దు అనే అంటుంది. ఈ వాదాన్ని కొట్టిపారేయడం తప్పు. ఐస్లాండ్‌లో 119 మంది పిల్లల మీద జరిపిన ప్రయోగంలో నాలుగు నెలలకు ఆహారం మొదలుపెట్టిన పిల్లల్లో ఇనుము నిల్వలు ఆరో నెలకు కొంచెం ఎక్కువగానే ఉన్నాయి. కానీ రక్తహీనతలో తేడా రాలేదు, ఎదుగుదలలోనూ రాలేదు. పైగా నిల్వలు పెంచడానికి ఇంకో మంచి దారి ఉంది. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు మీద క్లిప్ వేసేయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. మెక్సికోలో జరిపిన ప్రయోగంలో అలా చేసిన పిల్లలకు ఆరో నెలలో ఇనుము నిల్వలు 27 నుంచి 47 మిల్లీగ్రాములు అదనంగా ఉన్నాయి. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవాళ్ల గాదె మొదటే చిన్నది. వాళ్లకు డాక్టరు సలహాతో ఇనుము చుక్కలు ముందుగానే ఇవ్వాలి, అన్నం తొందరగా పెట్టడం దానికి మందు కాదు. మామూలు బిడ్డ విషయంలో నాలుగో నెలలో పెట్టే పలచటి బియ్యపు జావలో ఇనుము ఎంతని? పాలను తగ్గించి, ఇనుము ఇవ్వని పదార్థంతో కడుపు నింపితే ఫ్యూట్రెల్ భయపడిన లోపమే ఇంకా ముందుగా వస్తుంది.

మరో అభ్యంతరం బరువుది. మూడు నెలలదాకా చక్కగా పెరిగిన బిడ్డ నాలుగో నెల నుంచి కార్డు మీద గీత కిందికి జారుతోందని, పాలు చాలడం లేదని చెప్పి ఆహారం మొదలుపెట్టించిన రోజులున్నాయి. ఆ గీతలే సరైనవి కావని తర్వాత తెలిసింది. పాత ఎదుగుదల పటాలు అమెరికాలో ఎక్కువగా డబ్బాపాలు తాగిన పిల్లలను కొలిచి గీసినవి. తల్లిపాల బిడ్డలు తొలి రెండు మూడు నెలలు వేగంగా పెరిగి, తర్వాత కాస్త నెమ్మదిస్తారు. అది వాళ్ల సహజమైన తీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో తల్లిపాలు తాగిన పిల్లలను కొలిచి 2006లో కొత్త పటాలు విడుదల చేసింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. ఆ పటాల మీద చూస్తే జారిపోతున్నట్టు కనిపించిన బిడ్డల్లో చాలామంది సరిగ్గానే ఉన్నారు. నిజంగా జారుతున్న బిడ్డకు ముందుగా కావలసింది రొమ్ము సరిగ్గా పట్టుకుంటోందా, జబ్బేమైనా ఉందా అని చూసే మనిషి. ఆహారం పెడితే బరువు పెరుగుతుందన్న నమ్మకాన్ని హోండురస్‌లో నేరుగా పరీక్షించారు. 1994లో వెలువడిన ఆ ప్రయోగంలో 141 మంది పిల్లల్లో కొందరికి నాలుగో నెల నుంచే శుభ్రమైన, పోషకాలున్న ఆహారం ఇచ్చారు, మిగతావాళ్లను ఆరు నెలలూ తల్లిపాల మీదే ఉంచారు. బరువులో, పొడవులో తేడా రాలేదు. తిన్నదానికి తగ్గట్టు పిల్లలు పాలు తగ్గించుకున్నారు.

నిద్ర గురించి నిజం చెప్పాలంటే కొంచెం తేడా ఉంది. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 1,303 మంది పిల్లలను గమనించిన ప్రయోగంలో మూడో నెల నుంచి ఆహారం మొదలైనవాళ్లు, తేడా అత్యధికంగా ఉన్న ఆరో నెలలో, రాత్రికి 17 నిమిషాల లోపు ఎక్కువ నిద్రపోయారు. అలసిపోయిన తల్లికి ఆ నిమిషాలు కూడా విలువైనవే. అయినా కడుపునిండా ఉగ్గు పెడితే తెల్లవార్లూ పడుకుంటుందన్న ఆశకు ఇది ఆధారం కాదు. తల్లికి రాత్రి విశ్రాంతి కావాలంటే ఆ ఇంట్లో మరో మనిషి లేచి బిడ్డను ఎత్తుకోవాలి.

అలర్జీల విషయంలో శాస్త్రమే తన మాట మార్చుకుంది. వేరుశనగ, గుడ్డు వంటివి ఎంత ఆలస్యంగా పెడితే అంత మంచిదని ఒకప్పుడు వైద్యులే చెప్పేవారు. 2015లో గిడియాన్ లాక్ బృందం లండన్‌లో చేసిన ప్రయోగం దాన్ని తిరగేసింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పిల్లల్లో నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య వేరుశనగ తినడం మొదలుపెట్టినవాళ్లకు అయిదేళ్ల వయసులో ఆ అలర్జీ 3.2 శాతం, తినకుండా ఉన్నవాళ్లకు 17.2 శాతం. దీన్నిబట్టి అందరికీ నాలుగో నెలలోనే మొదలుపెట్టాలని కొందరు వాదిస్తున్నారు. ఆ ప్రయోగం జరిగింది ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లల మీద, వాళ్ల సంగతి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. మిగతావాళ్లకు ఇందులో పాఠం ఏమిటంటే, ఆరు నెలలు నిండి ఆహారం మొదలైన తర్వాత మెత్తగా నూరిన వేరుశనగ, ఉడికిన గుడ్డు ఏడాది దాకా వాయిదా వేయనక్కర్లేదు.

తొందరపాటు గురించి ఎంత మాట్లాడుకున్నా, మన దగ్గర పెద్ద లోటు ఆలస్యమే. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతోపాటు ఘనాహారమో మెత్తటి ఆహారమో అందుతున్నవాళ్లు దేశంలో 45.9 శాతమే. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో తగినంత ఆహారం దొరికేవాళ్లు 11.3 శాతం. అన్నప్రాశన చేయని ఇల్లు తక్కువ. కానీ ఆ రోజు వెండి గిన్నెలో పాయసం నాకించి, పుస్తకమూ కలమూ బంగారమూ ముందు పెట్టి ఏది పట్టుకుంటుందో చూసి, మర్నాటి నుంచి మళ్లీ పాలే ఇచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. మగపిల్లలకు సరి నెలల్లో, ఆడపిల్లలకు బేసి నెలల్లో అన్న ఆచారం వల్ల ఆడపిల్లకు అయిదో నెలలో ముహూర్తం పెడతారు, లేదా ఏడుకు జరుపుతారు. ఆరో నెలలో అంటే అయిదు నిండి ఆరు నడుస్తున్నప్పుడు, వైద్యులు చెప్పేది ఆరు నిండాక, అంటే 180 రోజులు దాటాక. వేడుక నాడు ఒక మెతుకు తగలడం వల్ల కొంప మునగదు. ఆడపిల్ల పేగులకూ మగపిల్లవాడి పేగులకూ తేడా లేదు కాబట్టి, ముహూర్తం ఎప్పుడున్నా ఆరు నెలలు నిండిన మర్నాటి నుంచి రోజూ పెట్టడం మొదలవ్వాలి.

ఏం పెట్టాలన్నది ఎప్పుడు పెట్టాలన్నదాన్ని విడిచి ఉండే ప్రశ్న కాదు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు పాలు కాక రోజుకు 200 కిలోకేలరీలు కావాలి, తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300. బిడ్డ కడుపులో పట్టేది కిలో బరువుకు 30 మిల్లీలీటర్లు. అంత చిన్న కడుపును పప్పు మీది తేటతోనో పలచటి గంజితోనో నింపితే ఆకలి తీరినట్టు ఉంటుంది, ఒంటికి పట్టేది మాత్రం పాలకంటే తక్కువ. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. చిక్కగా ఉంటే మింగలేదన్న భయానికి మన వంటింట్లోనే పరిష్కారం ఉంది. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండిలో పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైములు ఉంటాయి. గట్టి జావలో ఆ పిండి చిటికెడు కలిపితే నీళ్లు పోయకుండానే పలచబడుతుంది. బరోడాలో తారా గోపాల్‌దాస్ దీనిమీద ఏళ్లపాటు పనిచేశారు. మొలకెత్తించడం వల్ల ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు కూడా తగ్గుతాయి. మెత్తగా మెదిపిన పప్పన్నంలో నెయ్యి, ఆకుకూర, రెండు చుక్కల నిమ్మరసం, తినే ఇళ్లలో గుడ్డు, చేప, మెదిపిన మేక కాలేయం చేరితే ఇనుము లెక్క కుదురుతుంది. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా ఇందుకే, అది ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకోవడానికి కాదు. రక్తహీనత నివారణ పథకంలో ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు ఇచ్చే ఇనుము సిరప్‌ను అడిగి తీసుకోవాలి.

ఆలస్యానికి మరో నష్టం ఉంది. నమలడం నేర్చుకోవడానికి ఒక కాలం ఉంటుందని ఇలింగ్‌వర్త్, లిస్టర్ అనే బ్రిటిష్ వైద్యులు 1964లోనే చెప్పారు. బ్రిస్టల్ దగ్గర వేల మంది పిల్లలను ఏళ్లతరబడి గమనించిన అధ్యయనం దాన్ని బలపరిచింది. తొమ్మిది నెలలు దాటాక గానీ పలుకులున్న ఆహారం ఎరగని పిల్లలు ఏడేళ్ల వయసులోనూ పండ్లు, కూరలు తక్కువ తిన్నారు, తిండి దగ్గర పేచీలు ఎక్కువ పెట్టారు. మిక్సీలో తిప్పి తిప్పి ఏడాదిదాకా మెత్తటి పేస్టే పెట్టేవాళ్లు ఇది గమనించాలి. ఎనిమిదో నెలకు వేళ్లతో మెదిపిన పలుకులు, చేత్తో పట్టుకునే ఇడ్లీ ముక్క, ఉడికించిన చిలగడదుంప రావాలి.

ఆరు నెలలు నిండాయి, కూర్చుంటోంది, అందుకుంటోంది, కానీ చెంచా తీసుకురాగానే తల తిప్పేస్తోందంటే? మొదటి వారాల్లో రెండు మూడు చెంచాలు పోతే చాలు, మిగతాది పాలు చూసుకుంటాయి. కొత్త రుచి ఒప్పుకోవడానికి ఎనిమిది పది సార్లు పట్టవచ్చు. ముక్కు మూసి, కాళ్ల మధ్య పడుకోబెట్టి గొంతులో పోయడం ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఒకటి, తిండి అంటేనే భయం పుట్టడం ఇంకొకటి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగంలో, ఏం పెట్టాలో చెప్పడంతోపాటు బిడ్డ ఆకలినీ కడుపునిండిన గుర్తులనూ గమనిస్తూ, మాట్లాడుతూ, ఆడిస్తూ తినిపించడం కొందరు తల్లులకు నేర్పారు. ఆ పిల్లలకు ఆహారమూ మెరుగుగా అందింది, మానసిక వికాస పరీక్షల్లోనూ మామూలు సేవలు మాత్రమే అందిన పిల్లల కంటే ముందున్నారు. నోరు తెరిచి ముందుకు వంగితే పెట్టాలి, పెదవులు బిగించి తల తిప్పితే ఆపాలి, మళ్లీ సాయంత్రమో మర్నాడో అదే గిన్నెతో రావాలి. నెలలు నిండకముందు పుట్టిన బిడ్డకు ఎప్పుడు మొదలుపెట్టాలో పుట్టిన తేదీని, పుట్టవలసిన తేదీని రెంటినీ చూసి డాక్టరుతో నిర్ణయించుకోవాలి. ఆరు నెలలు నిండినా మెడ నిలవకపోతే, ఆసరా ఇచ్చినా కూర్చోలేకపోతే, పెట్టిన ప్రతిసారీ దగ్గుతూ ఊపిరి తిప్పుకోలేకపోతే వయసు చూసి ముద్ద పెట్టేయకూడదు, సంకేతాల కోసం ఇంట్లో ఎదురుచూస్తూ నెలలు గడపనూ కూడదు. ఆ వారంలోనే పిల్లల వైద్యుడికి చూపించాలి.